పటంలో గడ్డి గుర్తులు

అనుమానం పెనుభూతం అంటారు. నాకు మాత్రం అది కూడు పెట్టే పని. కెనడాలో, టొరంటో పక్కనున్న మార్కమ్‌లో నేను పనిచేసే ఆఫీసులో పాత సర్వే పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం. నూరేళ్ళు దాటిన కాగితాన్ని ఎవరో స్కాన్ చేసి పంపుతారు. ఆ కాగితం మీది వీధి మలుపును తీసుకెళ్ళి, ఇవాళ్టి ఉపగ్రహ చిత్రంలో అదే మలుపు మీద పెట్టి గుచ్చాలి. అలా నాలుగైదు చోట్ల గుచ్చితే పాత ఊరు కొత్త ఊరి మీద దుప్పటిలా పరుచుకుంటుంది. ఎక్కడో ఒకచోట మాత్రం తప్పకుండా ముడత పడుతుంది. ఆ ముడత ఎందుకు పడిందో కనిపెట్టడమే నా ఉద్యోగం.

ఆమధ్య మాకు వచ్చిన పటాలు ఉత్తరాన, యూకాన్ వైపు ఉన్న ఒక ఊరివి. ఆ ఊరి పేరు రాయను. కాంట్రాక్టులో రాయకూడదని ఉంది, పైగా దీన్ని ఎవరు చదువుతారో మనకేం తెలుసు. ఏటి ఇసుకలో బంగారం ఉందన్న కబురు పాకి, చూస్తుండగానే వేలమంది వచ్చి వాలిన ఊరు అది. జనం వస్తే నేల కావాలి. నేల అమ్మాలంటే గీతలు కావాలి. గీతలు గీయడానికి సర్వేయర్లు వచ్చారు. వాళ్ళు వరసగా గీసిన పటాలే నా ముందుకొచ్చినవి.

మొదటిది తెరవగానే నాకు నచ్చలేదు. అది మరీ తిన్నగా ఉంది. రెండు నదులు కలిసే చోట, కొండ కింద, పచ్చీసు గళ్ళలాగా వీధులు, వీధులకు పేర్లు, ప్లాట్లకు నంబర్లు. ఆ పటం గీసేనాటికి అక్కడున్నవి గుడారాలు, కొట్టేసిన చెట్ల మోళ్ళు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. హైదరాబాద్ శివార్లలో పెరిగినదాన్ని, ఈ తరహా బొమ్మలు నాకు కొత్త కాదు. మా ఇంటి చుట్టూ వెంచర్లే. ముళ్ళపొదల మధ్య ఒక ఆర్చి లేచేది, హద్దు రాళ్ళకు సున్నం పడేది, బ్రోచర్‌లో పచ్చటి పార్కు ఉండేది. ఇళ్ళు లేచే వేళకు ఆ పార్కు కూడా ప్లాట్లయి అమ్ముడుపోయేది. మా నాన్న ఆ బ్రోచర్లు తెచ్చి నాకు చూపించి, "పటం గీసినోణ్ణి కాదు బిడ్డా, గీయించినోణ్ణి చూడు" అనేవాడు. ఆయన ఎప్పుడూ ఏ ప్లాటూ కొనలేదు. కొననందుకు మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆ పటాలు నన్ను మొదటిరోజే పట్టేశాయి. కొలతలన్నీ గొలుసుల్లో ఉన్నాయి. గొలుసంటే అరవై ఆరు అడుగుల ఇనుప గొలుసు. ఇద్దరు మనుషులు చెరో కొన పట్టుకుని నేల మీద ఈడ్చుకుంటూ కొలిచేవారు. సగం గొలుసు పొడుగు, సగం గొలుసు వెడల్పు ఉన్న ముక్క ఎంతవుతుందని లెక్కేస్తే అది మా వైపు గుంటకు సరిగ్గా సరిపోయింది. ఎకరానికి నలభై గుంటలు అని చిన్నప్పుడు బట్టీ పట్టిన ఆ గుంటే. మంచుదేశం అంచున ఎవరో ఈడ్చిన గొలుసూ, మెదక్ వైపు మా అమ్మమ్మ వాళ్ళ పొలం కొలిచిన గొలుసూ ఒకటేనని తెలిసి నాకు భలే ముచ్చటేసింది. ఆ వెంటనే అనుమానమూ వచ్చింది. ఎక్కడికెళ్ళినా అదే గొలుసు పట్టుకెళ్ళినవాళ్ళు నేలను చూడటానికి వెళ్ళి ఉండరు, పంచుకోవడానికే వెళ్ళి ఉంటారు.

గడ్డి గుర్తులు నాకు కనబడింది ఆ వారంలోనే. పాత పటాల్లో చిత్తడి నేలకు ఒక గుర్తు ఉంటుంది. చిన్న అడ్డగీత, దాని మీద మూడు నాలుగు నిలువు పోచలు. మొదటి పటంలో ఊరి వెనకభాగం, కొండ కింది వైపు, ఆ పోచలు చల్లినట్టు ఉన్నాయి. తర్వాతి పటంలో అదే చోట ఒక్క పోచ కూడా లేదు. వాటి స్థానంలో వరసగా ప్లాట్లు, ప్రతి ప్లాటుకూ ఒక నంబరు. చిత్తడి ఎండిపోయిందా అంటే, ఇవాళ్టి ఉపగ్రహ చిత్రంలో కూడా అక్కడ నేల నల్లగా, తడిగానే ఉంది. ఆ వైపు పాత చెక్క ఇళ్ళు పక్కకు ఒరిగి ఉన్న ఫోటోలు కూడా చూశాను. నీళ్ళు ఎక్కడికీ పోలేదు. పటం గీసినవాళ్ళు వాటిని గీయడం మానేశారు, అంతే.

మా టీమ్ లీడ్ ఒంటారియో ఉత్తరాన పుట్టి పెరిగిన మనిషి. నాకంటే పెద్దది, నిదానస్తురాలు, టీ కప్పు పట్టుకుని నిలబడి వింటుంది. ఆమెకు రెండు పటాలూ చూపించి, ఇది కావాలని చేసిన పని అన్నాను. అచ్చులో పోచలు పోయి ఉండొచ్చు, లేదా ప్లాట్ల నంబర్లు స్పష్టంగా కనబడాలని తీసేసి ఉండొచ్చు అందామె. అలాంటప్పుడు నదిలో అలల గీతలు ఎందుకు తీయలేదని అడిగాను. ఆమె నవ్వింది. నాకు ఆ నవ్వు మీద కూడా అనుమానం వచ్చింది. ఈ పటాలు పంపినవాళ్ళకే ఆ చిత్తడి సంగతి బయటపడటం ఇష్టం లేదేమో అన్నాను. "వాళ్ళది పాత కాగితాలు దాచే ఆఫీసు. వాళ్ళకి అమ్ముకోవడానికి ఏముంది?" అంది. అమ్ముకోవడానికి ఏమీ లేనివాళ్ళను నేను అప్పటిదాకా చూడలేదు. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

ఇదంతా నడుస్తున్న రోజుల్లోనే ఆంటీ తన భూమి సంగతి మొదలుపెట్టింది.

ఆంటీది మా పక్క వీధి. ఇంట్లోనే వండి బాక్సులు కడుతుంది. కాలేజీల్లో చదివే మన పిల్లలు, వండుకునే ఓపిక లేని నాలాంటివాళ్ళు సాయంత్రాలు వెళ్ళి తెచ్చుకుంటాం. గోదావరి నడుమ ఒక లంకలో పుట్టింది. వరద వచ్చినప్పుడల్లా లంక ఒడ్డు కొంచెం కొంచెం కోసుకుపోయి, చివరికి వాళ్ళ నాన్న చేలన్నీ ఏట్లో కలిసిపోయాయి. కాగితాల్లో ఆయన పేరు ఉంది, శిస్తు కట్టిన రసీదులున్నాయి, నేల మాత్రం నది అడుగున ఉంది. ఇక్కడ ఉంటున్న ఇల్లు అంకుల్ పేరూ కొడుకు పేరూ కలిపి ఉంది. ఆంటీ పేరు మీద ఉన్నది డ్రైవింగ్ లైసెన్స్ ఒక్కటే. అదీ ఆమే నవ్వుతూ చెప్పింది.

"నాకంటూ, నా పేరు మీద, నీళ్ళు ముట్టుకోని జానెడు నేల కావాలమ్మా" అంది ఒకరోజు బాక్సుకు మూత పెడుతూ. "ఇల్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు వెళ్ళి దాని మీద నిలబడాలి."

"మీవాళ్ళు ఏమంటున్నరు ఆంటీ?"

"మీ అంకుల్ నీ ఇష్టం అన్నారు. మావాడేమో వాట్ విల్ యు డూ విత్ ఇట్, మామ్ అంటాడు. ఏం చేస్తానో వాడికెందుకు చెప్పాలి?"

హైదరాబాద్ అవతల ఎవరో ఫామ్ ప్లాట్లు వేస్తున్నారు. ఇక్కడి మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రీ-లాంచ్ అని పెట్టారు. వచ్చే ఆదివారం బాంక్వెట్ హాల్లో మీటింగ్, భోజనంతో సహా. ఆంటీకి ఒక్కటే సందేహం.

"ఎకరాలు విన్నాను, సెంట్లు విన్నాను. ఈ గుంటలేంటమ్మా? మా వైపు గుంటంటే గొయ్యి. గొయ్యి అమ్ముతానంటాడేంటి ఆ అబ్బాయి?"

నాకు నవ్వాగలేదు. గుంట అంటే మా తెలంగాణలో కొలత అనీ, అందులో గొయ్యేమీ లేదనీ చెప్పి, సగం గొలుసు లెక్క కూడా వివరించాను. ఆంటీ శ్రద్ధగా విన్నది.

"అయితే గుంటంటే గుంట కాదన్నమాట. మీ మాటలు కూడా నాలుగు నేర్చుకుంటే పోద్ది" అని, గోంగూర పచ్చడి సీసా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వు కూడా నా పక్కనే తీసుకోమ్మా. గట్టు పక్కన గట్టు. మీటింగుకి తప్పకుండా రా."

పచ్చడికి డబ్బులు వద్దంది. ఆంటీ డబ్బులు వద్దనడం నేను అంతకుముందు చూడలేదు. దారిపొడుగునా అదే ఆలోచన. పదిమందిని తీసుకొస్తే ఆమెకు ప్లాటులో తగ్గింపు ఇస్తారేమో, లేకపోతే నేరుగా కమీషనే ఇస్తారేమో. ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను. ఆయన ఆ పచ్చడే కలుపుకుని తింటూ, "నువ్వు గోంగూరని కూడా వదలవా?" అన్నాడు. ఆయనది నెల్లూరు. తిండి విషయంలో ఆయనకు ఎవరి మీదా అనుమానం రాదు.

మీటింగ్‌కు వెళ్ళాను. హాలు నిండా మనవాళ్ళే. బిర్యానీ బావుంది, అది ఒప్పుకోవాలి. హైదరాబాద్ నుంచి వచ్చిన సూటు కుర్రాడు డ్రోన్ వీడియో వేశాడు. ఎర్రటి నేల, దూరంగా తాటిచెట్లు, పైన పాట. తర్వాత లేఅవుట్ పటం వేశాడు. తిన్నని గళ్ళు, రోడ్లకు పూల పేర్లు. ఒక్క ఇల్లు లేదు గానీ చామంతి రోడ్డు, సంపెంగ రోడ్డు ఉన్నాయి. పొద్దంతా ఆఫీసులో చూసేది ఆదివారం కూడా చూస్తున్నట్టు అనిపించి నాకు ఒళ్ళు మండింది. చేయెత్తాను.

"సర్వే నంబర్ చెప్తరా?"

"ప్రీ-లాంచ్ కదా మేడమ్, బుకింగ్ అయినవాళ్ళకి షేర్ చేస్తాం. పట్టా భూమి, క్లియర్ టైటిల్. దాచేది ఏమీ లేదు."

"దాచేది లేకపోతే చెప్పొచ్చు కదా."

"చెప్తాం మేడమ్. నక్షా కూడా ఇస్తాం."

"వానాకాలంల తీసిన వీడియో ఉన్నదా?"

"వానలో డ్రోన్ ఎగరదు మేడమ్" అన్నాడతను. హాలంతా నవ్వారు. నా ముందు వరసలో ఉన్న ఆంటీ మాత్రం వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపులో కోపం కంటే బెంగ ఎక్కువగా ఉంది. నేను దాన్ని అప్పుడు భయమనుకున్నాను. ఏదో బయటపడుతుందన్న భయమనుకున్నాను.

బయట పార్కింగ్‌లో మంచు సగం కరిగి బురదగా ఉంది. అంకుల్ కారు తేవడానికి వెళ్ళాడు. ఆంటీ చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుని నిలబడింది.

"పదిమందిలో అలా నిలదీయాలా అమ్మా? అతను పారిపోతే నా గతేంటి? ఎప్పటినుంచో అనుకుంటే ఇప్పటికి కుదిరింది."

"మిమ్మల్ని అన్లేదు ఆంటీ. అతన్నే అడిగిన."

"నేనేగా నిన్ను రమ్మన్నది."

అక్కడితో ఆగితే సరిపోయేది. నేను ఆగలేదు. "మీకెంత కమీషన్ ఇస్తమన్నరు?" అన్నాను.

అంకుల్ కారు తెచ్చాడు, ఆంటీ ఎక్కింది, డోర్ వేసుకుంది. వాళ్ళతోనే వచ్చిన నేను బస్సులో ఇంటికొచ్చాను.

ఆ తర్వాత బాక్సులకు మా ఆయనే వెళ్ళేవాడు. బాక్సులు మామూలుగానే వచ్చేవి. ఉప్పు కారం ఏమీ తగ్గలేదు. సర్వే నంబర్ ఒక్కటి చెబితే ఉపగ్రహ చిత్రంలో అన్ని కాలాలూ చూసి పెడతానని ఆంటీకి మెసేజ్ చేశాను. జవాబు లేదు. మా ఆయనతో అడిగించాను. "మీ ఆవిడకి చెబితే అందులోనూ ఏదో ఒక దోషం తీస్తుంది బాబూ" అని పప్పు బాక్సు చేతికిచ్చిందట. నంబరు దాస్తోందంటే అందులో ఏదో ఉందని నాకు ఇంకా గట్టిపడింది. రోగం ముదిరితే అంతే.

వేసవిలో ఆ ఉత్తరాది ఊరి పటాలు మరికొన్ని వచ్చాయి. ఇవి అచ్చువి కావు. సర్వేయరు నేల మీద తిరుగుతూ, తన చేత్తో గీసుకున్నవి. పెన్సిలు గీతలు, చేతిరాత, కాగితం మూలల్లో వేలిముద్రలు. వీటిలోనైనా దొంగ దొరుకుతాడని ఆశగా కూర్చున్నాను. దొరికాడు కూడా. గడ్డి గుర్తులు మాయమైన ఆ చోటే, పక్కపక్క ప్లాట్ల మీదుగా, వాలు అక్షరాల్లో ఒకే పేరు రాసి ఉంది. మస్కెగ్. ఇంకోచోటా అదే పేరు. ఏరు మలుపు దగ్గరా అదే పేరు. ఎవడీ మస్కెగ్? ఊళ్ళో పల్లపు నేలంతా వీడి చేతిలోనే ఉంది. చవగ్గా చిత్తడి కొని, పటం గీసేవాళ్ళ చేత పోచలు తీయించి, మెరక నేలని చెప్పి అమ్ముకున్నాడు. నాకు మొత్తం కథ కళ్ళకు కట్టింది. అప్పటిదాకా నేను నిరూపించలేకపోయినదంతా ఆ ఒక్క పేరుతో కుదిరిపోయింది. యజమాని పేరు రాసే గడిలో ప్రతి ప్లాటుకూ అతని పేరు టైపు చేసి, లీడ్‌ను పిలిచాను.

ఆమె చూసింది. కప్పు బల్ల మీద పెట్టింది. నవ్వడం మొదలుపెట్టి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. తర్వాత జాలిపడి చెప్పింది. అది మనిషి పేరు కాదు. మస్కెగ్ అంటే బురద. పైన నాచు, కింద నీళ్ళు, కాలేస్తే మోకాలిదాకా దిగబడే నేల. ఆమె పుట్టిన ఊళ్ళో చిన్నపిల్లలు మాటలు నేర్చేటప్పుడే ఆ మాట నేర్చుకుంటారట, అటు వెళ్ళకూడదని.

ఒక బురదకు నేను పట్టా రాసిచ్చేశాను. ఆ పూటంతా ఆఫీసులో అందరూ నన్ను మిస్టర్ మస్కెగ్ గారి సెక్రటరీ అన్నారు. పేర్లన్నీ చెరిపేస్తూ ఆ చేతిరాతను మళ్ళీ చూశాను. ఆయనెవరో గానీ, ఇక్కడ బురద ఉంది అని ఎంత వీలైతే అంత పెద్ద అక్షరాలతో రాశాడు. ఆయన ఏమీ దాచలేదు. నాకు చదవడం రాలేదు.

ఆంటీ ఫోన్ చేసింది ఆ నెలలోనే. "ఒకసారి ఇంటికి రామ్మా. నీతో పనుంది" అంది. గొంతులో కోపం లేదు. మామూలుగా అయితే దాని మీద కూడా అనుమానం రావాలి. వచ్చింది కూడా. అయినా వెళ్ళాను.

వంటిల్లంతా పోపు వాసన. పెద్ద గిన్నెలో సాంబారు మరుగుతోంది. ఆంటీ చేతులు కడుక్కుని, కొంగుతో శుభ్రంగా తుడుచుకుని, లోపలి నుంచి ప్లాస్టిక్ కవర్‌లో ఒక కాగితం తెచ్చింది.

"రిజిస్ట్రేషన్ అయిపోయిందమ్మా. నా పేరు మీదే. తమ్ముడు పవర్ ఆఫ్ అటార్నీతో చేయించాడు. నీ అనుమానం నీకు ఉండిపోకూడదని పిలిచాను. కమీషన్ అన్నావు. ఏమిచ్చారో తెలుసా? ఒక క్యాలెండరు."

గోడకు వేలాడుతున్న క్యాలెండర్ చూపించింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కోపం లేదులే. ఆ రోజు పచ్చడి ఊరికే ఎందుకిచ్చాననుకున్నావు? భూమి కొనబోతూ మొదట నీకే చెప్పాను. సంతోషంతో ఇచ్చాను. ఇదిగో, నక్షా. మ్యాపులు చూసేదానివి కదా, నువ్వు చూసి బావుందంటే నాకు తృప్తి."

కవర్‌లోంచి కాగితం తీసి నా ముందు పరిచింది. ఊరి నక్షాలో ఆ మూల వరకూ సర్వేయరు ఎవరో ఎత్తి గీసిన నకలు. గీతలు శుభ్రంగా ఉన్నాయి, నంబర్లు పొందిగ్గా ఉన్నాయి. ఆంటీ ముక్క చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గీత తిప్పి ఉంది. ఆ ముక్క మధ్యలో గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఒక మాట రాసి ఉంది. శిఖం.

నేను ఆ మాట చూడగానే ఆంటీ దాని మీద వేలు పెట్టింది.

"ఇది చూసే తీసుకున్నానమ్మా. ఆ అబ్బాయి రెండు మూడు నంబర్లు చూపించాడు. మిగతావాటి మీద ఏమీ రాసి లేదు. దీని మీదే ఉంది. మీ వైపు మాటలు కురచగా పలుకుతారు కదా, శిఖరాన్ని శిఖం అంటారని నాకు వెంటనే తెలిసిపోయింది. ఎత్తు నేల. ఊరందరికీ నీళ్ళొచ్చినా దీనికి రావు."

"అతనేమన్నడు ఆంటీ? మీరు ఎత్తు అని అడిగిన్రా?"

"నేనెందుకు అడుగుతాను, రాసి ఉంటేను? ఇదే కావాలన్నాను. మీ ఇష్టం మేడమ్ అన్నాడు. తమ్ముడు కూడా మంచి ఎండాకాలంలో వెళ్ళి చూశాడు. నేల బిర్రుగా, చదునుగా ఉందిట. కాలితో తన్నినా మట్టి లేవలేదన్నాడు."

నేను కాగితాన్ని ఇటూ అటూ తిప్పాను. ఎవరిదైనా ఒక దొంగతనం కనబడుతుందేమోనని నిజంగానే వెతికాను. సూటు కుర్రాడు పట్టా అన్నాడు, పట్టానే. నక్షా ఇస్తానన్నాడు, ఇచ్చాడు. గీసిన మనిషి ఆ నేల ఏమిటో దాని మీదే రాశాడు. ఇందులో తిట్టడానికి నాకు మనిషి దొరకలేదు. ఆంటీ నా మొహంలోకి చూస్తోంది, పరీక్ష పేపరు ఇచ్చి మార్కుల కోసం నిలబడ్డ పిల్లలాగా. బావుంది ఆంటీ అనేసి ఇంటికెళ్ళిపోవచ్చు. ఆ క్షణంలో నాకు అదే చేయాలనిపించింది. కానీ ఈసారి సెలవుల్లో వెళ్ళి ఇల్లు మొదలుపెడతానని ఆమె అప్పటికే చెబుతోంది. మేస్త్రీతో తమ్ముడు మాట్లాడుతున్నాడట.

"ఆంటీ" అన్నాను. "శిఖం అంటే ఎత్తు కాదు."

"మరి?"

"చెరువు కడుపు ఆంటీ. వానలు పడి చెరువు నిండితే మునిగే జాగా. నీళ్ళు తీసినంక పట్టా ఉన్నోళ్ళు సాగు చేసుకుంటరు. పట్టా నిజమే. భూమి మీదే. ఇల్లు మాత్రం కట్టనియ్యరు."

ఆంటీ వేలు ఆ మాట మీదే ఉంది. తీయలేదు. సాంబారు పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంది. నేను లేచి మంట తగ్గించి వచ్చాను. వచ్చేసరికి కూడా ఆమె అలాగే ఉంది.

"తెలుగే కదమ్మా అది" అంది.

"తెలుగే ఆంటీ."

"మీ అందరికీ తెలుసా?"

"మా దిక్కు తెలుసు ఆంటీ. అడిగితే ఎవరైనా చెప్తరు."

తనెందుకు అడగలేదో ఆమె చెప్పలేదు. నా చేతికి నంబరు ఎందుకివ్వలేదో ఇద్దరికీ తెలుసు. అమ్మేద్దామంటే సాయం చేస్తానన్నాను. అక్కడ తెలిసిన వకీలు ఉన్నాడన్నాను. ఇలాంటివి వాపసు ఇప్పించినవాళ్ళు కూడా ఉన్నారన్నాను. ఎవరూ ఉన్నట్టు నాకు తెలియదు. ఆమె వింటున్నట్టు లేదు.

"ఇది తెలియనివాడికి అమ్మాలి కదా మళ్ళీ" అంది చివరికి. "వద్దులే."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవకూడదని తల తిప్పుకున్నాను గానీ ఆగలేదు. ఆంటీ లేచి పేపర్ టవల్ చింపి నా చేతికిచ్చింది. గిన్నె దగ్గరికెళ్ళి గరిటతో కలిపి, ఉప్పు చూసి, మూత పెట్టింది. తిరిగి వచ్చి కూర్చుంది.

"నీళ్ళు తీశాక ఏం వేస్తారమ్మా అక్కడ?"

"ఎండాకాలం పంటలు ఆంటీ. పుచ్చ, దోస. మా అమ్మమ్మ వాళ్ళు పుచ్చ పెట్టేటోళ్ళు."

ఆంటీ కాగితం మీది ఎర్ర గీత వెంట వేలు తిప్పింది.

"మా నాన్న కూడా లంకలో అవేనమ్మా వేసేవాడు" అంది. "వానలు రాకముందే కోసేసుకోవాలి. ఆలస్యమైతే కాయలన్నీ తేలుకుంటూ పోతాయి."